ఫిల్‌మోర్ ఈస్ట్ రాత్రుల శబ్దశాస్త్రం

1971 మార్చి రెండో వారం. న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ థియేటర్‌లో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ వాయిస్తోంది. రికార్డింగ్ ట్రక్కులో టామ్ డౌడ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు గిటార్లు, ఒక బేస్ గిటార్, హామండ్ ఆర్గన్, ఇద్దరు డ్రమ్మర్లు. ఈ ఆరుగురి శబ్దం ఆయనకు కొట్టిన పిండి. ఇంతలో ఆయనకు ముందుగా చెప్పకుండానే శాక్సఫోన్ వంటి ఊదే వాద్యాలు స్టేజీ మీదికి వచ్చాయి. శ్రుతి సరిగా కలవలేదు. వాటిని విడి ట్రాకుల మీద పట్టుకుని తర్వాత చెరిపేస్తే మిగతా పాట దక్కుతుందని డౌడ్ ఆశపడ్డాడు. ఆ ఆశ ఎంతోసేపు నిలవలేదు. ఆ ఊదుడు తన మైకుల్లోనే ఆగక డ్రమ్ముల మైకుల్లోకి, గిటార్ల మైకుల్లోకి, గాయకుడి మైకులోకి కూడా వెళ్లింది. ఆ ట్రాకును చెరిపినా మిగతా ట్రాకుల్లో అది ఉండనే ఉంటుంది. ఆ పాటలు ఆల్బమ్‌కు పనికిరావని అక్కడే తేలిపోయింది. విరామంలోనే ఆ వాద్యాలు వద్దని డౌడ్ పట్టుబట్టాడు.

ఒక శాక్సఫోన్ అన్ని ట్రాకులనూ ఎలా పాడుచేసింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, జనం ముందు ఆల్బమ్ రికార్డు చేయడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ కష్టం ఎక్కడ పుడుతుందో దాని అందమూ అక్కడే పుడుతుందని నా నమ్మకం. స్టూడియోలో ప్రతి వాద్యాన్నీ విడదీయవచ్చు. నిండిన హాల్లో దేన్నీ విడదీయలేం. వాద్యం, గోడ, జనం కలిసి ఒకే గాలిని కదుపుతాయి. రికార్డయ్యేది ఆ గాలి.

ముందు బ్యాండు గురించి కొంచెం. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మొదలై, జార్జియాలోని మేకన్ పట్టణానికి మారింది. డువేన్ ఆల్‌మన్, డికీ బెట్స్ గిటార్లు, డువేన్ తమ్ముడు గ్రెగ్ గాత్రం, ఆర్గన్, బెర్రీ ఓక్లీ బేస్, బుచ్ ట్రక్స్, జైమో డ్రమ్స్. జైమో నల్లజాతివాడు. ఆనాటి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారూ తెల్లవారూ కలిసి ఒకే బ్యాండులో ఊరూరా తిరగడం చిన్న విషయం కాదు. బ్లూస్, కంట్రీ, జాజ్ కలిసిన వీళ్ల బాణీనే తర్వాతి కాలంలో సదరన్ రాక్ అన్నారు. వీళ్లు మాత్రం ఆ పేరు పెట్టుకోలేదు. మొదటి రెండు స్టూడియో ఆల్బమ్‌లు అంతగా అమ్ముడుపోలేదు. 1970లో సుమారు 300 రాత్రులు స్టేజీ మీదే గడిపారు. ఒక్కో పాట అరగంట సాగేది. ఆ సాగతీతే వాళ్ల ప్రాణం. అది స్టూడియోలో దొరకదని వాళ్లకు తెలుసు. అందుకే మూడో ఆల్బమ్‌ను జనం ముందే రికార్డు చేయాలనుకున్నారు. అలా 1971 మార్చి 12, 13 తేదీల ప్రదర్శనల నుంచి పుట్టినదే ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’.

ఆ పని టామ్ డౌడ్ చేతిలో పడడం అదృష్టం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో మన్‌హాటన్ ప్రాజెక్టు కోసం పనిచేశాడు. అంటే అణుబాంబు తయారీకి సంబంధించిన భౌతికశాస్త్రం. యుద్ధం ముగిశాక అదే చదువు కొనసాగిద్దామంటే, తాను అప్పటికే చేసిన పని రహస్యం. తరగతి గదిలో చెప్పేది దానికన్నా వెనకబడి ఉంది. ఆయన రికార్డింగ్ స్టూడియోల బాట పట్టాడు. అట్లాంటిక్ రికార్డ్స్‌లో 1950ల చివర్లోనే ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం పెట్టించాడు. గుండ్రంగా తిప్పే నాబ్‌ల బదులు పైకీ కిందికీ జరిపే ఫేడర్లు వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. తిప్పే నాబ్‌లైతే ఒక్కో చేత్తో ఒకటే పట్టగలం. జరిపే మీటలైతే పది వేళ్లతో పది శబ్దాలను ఒకేసారి నడిపించవచ్చు. పియానో నేర్చినవాడికే తట్టే ఆలోచన అది. ఫిల్‌మోర్‌కు ఆయన నేరుగా ఘనా ప్రయాణం నుంచి వచ్చాడు. అక్కడ ఒక సంగీత చిత్రం పని ముగించుకుని న్యూయార్క్‌లో దిగగానే ఈ బాధ్యత మీద పడింది.

ఇప్పుడు ఆ మైకుల సంగతి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. స్టేజీ మీద గాయకుడికి మూడు మీటర్ల వెనక డ్రమ్ములు ఉన్నాయనుకుందాం. డ్రమ్ము దగ్గరి మైకుకు దెబ్బ వెంటనే అందుతుంది. అదే దెబ్బ గాయకుడి మైకుకు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులనూ కలిపినప్పుడు ఒకే దెబ్బ రెండుసార్లు కలుస్తుంది. ఒక అల పైకి లేచే వేళకు రెండోది కిందికి దిగుతుంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండు మైకుల దారుల మధ్య తేడా మీటరైతే, సెకనుకు సుమారు 170 కంపనాల దగ్గర శబ్దం సన్నబడుతుంది. తర్వాత 515 దగ్గర, 860 దగ్గర, అలా పైదాకా. మధ్యలో ఉన్నవి మాత్రం బలపడతాయి. విన్నవాడికి కారణం తెలియదు. డ్రమ్ము డొల్లగా ఉందనీ, గొంతు డబ్బాలోంచి వస్తోందనీ అనిపిస్తుంది, అంతే.

దీనికి విరుగుడు దూరాల లెక్కలోనే ఉంది. దూరం రెట్టింపైన కొద్దీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గాయకుడి నోరు మైకుకు 5 సెంటీమీటర్ల దగ్గర, డ్రమ్ములు 2.5 మీటర్ల దూరంలో ఉంటే, దూరం తేడా 50 రెట్లు. ఒక్క దూరం వల్లే 34 డెసిబెళ్ల లాభం. రాక్ గాయకులు మైకును పెదవులకు ఆనించి పాడడంలో ఈ లెక్క కూడా ఉంది. పైగా స్టేజీ మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చేదే బాగా వింటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఆ వెనక భాగాన్ని ఎటు తిప్పి నిలబెట్టాలన్నదే సౌండ్ ఇంజినీరు నైపుణ్యం. గిటార్ల ఆంప్లిఫయర్లకూ అంతే. స్పీకరు గుడ్డకు దాదాపు తగిలేంత దగ్గరగా మైకు పెడతారు. శాక్సఫోన్‌కు ఈ పద్ధతి అంతగా పనిచేయదు. దాని శబ్దం ముందున్న గరాటు లోంచే కాక తెరిచిన రంధ్రాలన్నిటి లోంచీ నలువైపులా వెళ్తుంది. వాయించేవాడు కదులుతూ ఉంటాడు. అది గట్టిగా కేకేసే వాద్యం.

డౌడ్ చేతిలో ఉన్నది పదహారు ట్రాకుల టేపు. రెండు అంగుళాల వెడల్పు టేపు మీద పదహారు సన్నని దారులు పక్కపక్కన నడుస్తాయి. ఒక్కో మైకు తీగను రెండుగా చీల్చి, ఒకటి హాల్లోని స్పీకర్ల వైపూ రెండోది ట్రక్కు వైపూ పంపుతారు. ఈ తరహా రికార్డింగులో టేపు పొడవే పెద్ద భయం. 2,500 అడుగుల చుట్ట సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిస్తే 33 నిమిషాల్లో అయిపోతుంది. 30 అంగుళాల వేగమైతే 17 నిమిషాలు కూడా రాదు. అరగంట పాటలు వాయించే బ్యాండుకు ఒక యంత్రం చాలదు. మొదటి చుట్ట అయిపోవస్తుండగానే రెండో యంత్రం తిరగడం మొదలుపెట్టాలి. ఈ వ్యవధిని గమనిస్తూ కూర్చోవడం కూడా సంగీతమే అంటాను నేను.

హాలు విషయానికొద్దాం. ఫిల్‌మోర్ ఈస్ట్ 1920ల నాటి పాత నాటకశాల. మొదట్లో అక్కడ యిడ్డిష్ నాటకాలు ఆడేవారు. బిల్ గ్రాహం దాన్ని 1968 మార్చి 8న రాక్ వేదికగా తెరిచాడు, 1971 జూన్ 27న మూసేశాడు. సుమారు 2,600 మంది పట్టేవారు. అందులో శబ్ద వ్యవస్థను బిగించినది బిల్ హాన్లీ. వుడ్‌స్టాక్ ఉత్సవానికి స్పీకర్లు కట్టినది కూడా ఆయనే. ఆ హాలు శబ్దం మంచిదని వాయించినవాళ్లు చెప్పుకునేవారు. ఎందుకు మంచిదో అర్థం కావాలంటే డెబ్బై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాలలో మాటలు అర్థం కావడం లేదని, వాలెస్ సేబిన్ అనే యువ ఆచార్యుడికి దాన్ని బాగుచేసే పని అప్పగించారు. రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక ఆర్గన్ గొట్టాన్ని మోగించి, అది ఆగిన తర్వాత శబ్దం ఎన్ని సెకన్లలో పూర్తిగా సమసిపోతుందో గడియారంతో కొలిచేవాడు. ఖాళీ గదిలో దాదాపు అయిదున్నర సెకన్లు పట్టేది. మరో హాలు నుంచి మెత్తని కుర్చీ దిండ్లు తెప్పించి ఒక్కొక్కటీ చేరుస్తూ పోయాడు. దిండ్లు పెరిగిన కొద్దీ ఆ వ్యవధి తగ్గింది. అలా తేలిన సూత్రమే ఇవాళ్టికీ ప్రతి హాలు కట్టేవాళ్లూ వాడేది. శబ్దం నిలిచే కాలం హాలు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది, అందులోని వస్తువులు పీల్చుకునేదాన్ని బట్టి తగ్గుతుంది. పీల్చుకోవడానికి సేబిన్ ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి వెళ్లిన శబ్దం తిరిగి రాదు కదా.

దిండ్లకన్నా బాగా పీల్చుకునేవి మనుషుల శరీరాలు, బట్టలు. ఒక్కో మనిషీ దాదాపు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. 2,600 మంది కూర్చుంటే, హాల్లో 1,300 చదరపు మీటర్ల కిటికీలు తెరిచినట్టే. ఖాళీ కుర్చీలు కూడా కొంత పీల్చుకుంటాయి కాబట్టి జనం తెచ్చే తేడా అంతకన్నా తక్కువే, కానీ వినపడేంత తేడా. మధ్యాహ్నం ఖాళీ హాల్లో మైకులు సరిచూసి, అంతా బాగుందని సంబరపడ్డ ఇంజినీరుకు రాత్రి వేరే హాలు ఎదురవుతుంది. సింఫనీ ఆర్కెస్ట్రాకు రెండు సెకన్లదాకా శబ్దం నిలిచే హాలు హాయి. రాక్‌కు అలాంటి హాలు పనికిరాదు. ఇద్దరు డ్రమ్మర్లు వేగంగా కొడుతున్నప్పుడు ముందటి దెబ్బ గోడల మధ్య తిరుగుతుండగానే తర్వాతి దెబ్బ పడుతుంది. సెకను చుట్టుపక్కల ఆగిపోయే హాలే దానికి కావాలి. కిక్కిరిసి కూర్చున్న జనమే ఆ పని చేసి పెడతారు. వాళ్లు వినడానికి వచ్చి, తమకు తెలియకుండానే రికార్డింగును శుభ్రం చేసి వెళ్తారు.

జనం చేసేది అంతటితో ఆగదు. వాయించేవాళ్ల మనసులోనూ ఒక పని చేస్తారు. 1965లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ ఒక పాత చిక్కుముడిని విప్పాడు. పక్కన ఎవరైనా చూస్తుంటే కొందరు బాగా చేస్తారు, కొందరు తడబడతారు. ఎందుకు? చూసేవాళ్లు ఉంటే శరీరం ఉద్రిక్తమవుతుంది. ఆ ఉద్రేకం, బాగా అలవాటైపోయిన పనిని మెరుగుపరుస్తుంది, అలవాటు కాని పనిని పాడుచేస్తుంది అన్నాడు. 1969లో బొద్దింకలతో కూడా ఇదే చూపించాడు. తోటి బొద్దింకలు చూస్తుండగా తిన్నటి దారిలో వేగంగా పరుగెత్తిన బొద్దింక, మలుపు దారిలో మాత్రం ఆలస్యమైంది. అంతకు ముందు ఏడాది సుమారు మూడు వందల రాత్రులు వాయించిన ఆరుగురికి ఆ పాటలు తిన్నటి దారే. అప్పటికప్పుడు చేరిన వాద్యగాళ్లకు అది మలుపు దారి. ఆ రాత్రి శ్రుతి తప్పడంలో ఈ తేడాకు కూడా పాలుందని నాకు అనిపిస్తుంది.

డువేన్ గిటారు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, అది ఆగదగినది కాబట్టి. స్లైడ్ వాయించేటప్పుడు ఆయన ఉంగరం వేలికి తొడుక్కున్నది ఒక ఖాళీ మందు సీసా. కోరిసిడిన్ అనే జలుబు మాత్రల గాజు సీసా అది. మామూలు గిటార్‌లో వేలు తీగను మెట్టుకు నొక్కుతుంది. స్వరాన్ని నిర్ణయించేది మెట్టు. స్లైడ్ వాయించేటప్పుడు మెట్లు ఉన్నా లేనట్టే. గాజు తీగ మీద తేలుతూ జారుతుంది, కంపించే తీగ పొడవు ఎక్కడ ఆగాలన్నది చెవి చెప్పాలి. ఆయన గిటారు తీగ పొడవు సుమారు 628 మిల్లీమీటర్లు. సరిగ్గా సగం దగ్గర గాజు ఉంటే మిగిలేది 314. అక్కడ ఒక మిల్లీమీటరు తప్పితే స్వరం అర్ధస్వరంలో ఇరవయ్యో వంతు కదులుతుంది. ఇంకా పైకి వెళ్లి 157 మిల్లీమీటర్లు మిగిలిన చోట అదే మిల్లీమీటరు తప్పుకు రెండింతల శిక్ష. ఆ ఆల్బమ్ మొదటి పాట ‘స్టేట్స్‌బరో బ్లూస్’‌లో ఆయన ఆ ఎత్తుల్లో ఒక్కసారి కూడా బెసగకుండా తిరుగుతుంటే, కొలతలు తెలిసినవాడికి ఇంకా ఎక్కువ ఒళ్లు పులకరిస్తుంది.

జారే స్వరం మన చెవికి కొత్త కాదు. గోటువాద్యం, అంటే చిత్రవీణ, మెట్లు లేని వీణ. దాని మీద నల్లని చేవకర్ర కడ్డీని జారుస్తూ గమకాలు పలికిస్తారు. దూరాల సూత్రం రెండింటికీ ఒకటే. ఈ పోలిక ఊహ మాత్రమే కాదని చెప్పడానికి తర్వాతి తరం సాక్ష్యం ఉంది. డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు డెరిక్ ట్రక్స్ స్లైడ్ గిటార్‌లో పేరుపొందినవాడు. 1999లో ఇదే బ్యాండులో చేరాడు. ఆయన అలీ అక్బర్ ఖాన్ సరోద్‌ను శ్రద్ధగా విని, ఆ పోకడలను తన గిటార్‌లోకి తెచ్చుకున్నాడు.

ఆర్గన్ శబ్దం తిరుగుడు వేరు. గ్రెగ్ హామండ్ ఆర్గన్‌కు లెస్లీ అనే స్పీకర్ పెట్టెను కలిపి వాయించేవాడు. దాని లోపల గరాటు గిర్రున తిరుగుతుంది. మనవైపు వస్తున్నప్పుడు స్వరం కాస్త పైకి, దూరమవుతున్నప్పుడు కాస్త కిందికి పోతుంది. ప్లాట్‌ఫారం మీంచి దూసుకుపోయే రైలు కూతలో వినేది ఇదే. గరాటు నిమిషానికి 400 సార్లు తిరిగేటప్పుడు ఆ పైకీ కిందికీ కదిలే మేర దాదాపు అర్ధస్వరంలో సగం వరకు ఉంటుంది. అందుకే ఆ ఆర్గన్ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది.

ఇక లయ. ‘విప్పింగ్ పోస్ట్’ మొదలయ్యే చోట బెర్రీ ఓక్లీ బేస్ మీద వాయించే వరుసను తకిట తకిట తకిట తక అని లెక్కపెట్టి చూడండి. పదకొండు. పాశ్చాత్య రాక్‌లో ఇది అరుదైన లెక్క. మన తాళాల్లో మిశ్ర జాతి త్రిపుటకూ పదకొండు అక్షరాలే, విభజన మాత్రం ఏడు, రెండు, రెండు. పాట రాసిన గ్రెగ్‌కు తాను పదకొండు లెక్క వేశానని తెలియదు. అన్నయ్య డువేన్ చెబితే గాని గుర్తించలేదు. ఇలాంటి లెక్కలో ఇద్దరు డ్రమ్మర్లు కలిసి కొట్టాలి. ఇద్దరి దెబ్బల మధ్య తేడా 20, 30 మిల్లీసెకన్లు దాటితే చెవికి రెండు దెబ్బలుగా వినిపిస్తుంది. అంతకు లోపల అయితే ఒకే దెబ్బ, కాకపోతే మరింత దట్టంగా. అయిదారు మీటర్ల దూరంలో ఉన్న తోటివాడి దెబ్బ చెవికి చేరడానికే 15 మిల్లీసెకన్లు పోతాయి. అంటే వినికిడి మీద ఆధారపడితే ఆలస్యమే. వాళ్లు విని కొట్టరు, రాబోయేదాన్ని ముందే ఊహించి కొడతారు. ఆ ఊహ ఇద్దరిలోనూ ఒకటి కావడానికే మూడు వందల రాత్రులు.

ప్రతి రాత్రీ ప్రదర్శన అయ్యాక డౌడ్, బ్యాండు సభ్యులు అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లి ఆనాటి టేపులు వినేవారు. బాగా కుదిరిన పాట ఉంటే, మర్నాడు దాన్ని వాయించనక్కర్లేదని పక్కనపెట్టి, కుదరనివాటికి మళ్లీ ప్రయత్నించేవారు. తర్వాత స్టూడియోలో కొత్తగా వాయించి చేర్చడమన్నది లేదు. కోతలు మాత్రం కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా హార్మోనికా భాగాల్లో. ఈ నియమం వల్లే ఆ ఆల్బమ్‌లో వినిపించేదంతా నిజంగా ఆ గాలిలో జరిగినదే. ‘యూ డోంట్ లవ్ మీ’ మధ్యలో బ్యాండు సద్దుమణిగి డువేన్ ఒక్కడే వాయిస్తుండగా, హాల్లోంచి ఒక గొంతు రాత్రంతా వాయించమని అరుస్తుంది. అన్ని వాద్యాలూ మోగుతున్నప్పుడు అలాంటి అరుపులెన్నో మునిగిపోయి ఉంటాయి. ఆ క్షణంలో స్టేజీ శబ్దం పడిపోవడం వల్ల, దూరంగా ఉన్న ఒక్క మనిషి గొంతు టేపు హిస్ పైకి లేవగలిగింది. ఈ గొంతును తీసేయాలన్నా కుదరదు, పక్కనే డువేన్ స్వరం ఉంది. ఆకాశవాణి ఆహూతుల సమక్షంలో జరిపించిన కచేరీలు విన్నవారికి ఈ సంగతి తేలిగ్గా అందుతుంది. మృదంగం ముక్తాయింపుకు ఎక్కడో ఒకరు శభాష్ అన్న మాట కూడా ఆ కచేరీలో భాగమే.

ఆల్బమ్ 1971 జులైలో రెండు ఎల్పీ రికార్డులుగా వచ్చింది. నాలుగు వైపులా కలిపి పాటలు ఏడే. దీనికీ భౌతికశాస్త్రమే కారణం. రికార్డు గాడి శబ్దం హెచ్చిన కొద్దీ ఎక్కువగా వంకరలు తిరుగుతుంది, ముఖ్యంగా బేస్ స్వరాలకు. ఆ వంకరలకు చోటు కావాలి. అందుకే పన్నెండంగుళాల రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాల చుట్టుపక్కల బాగా మోగుతుంది. అంతకు మించి ఇరికించాలంటే శబ్దం తగ్గించాలి. పంతొమ్మిది నిమిషాల ‘యూ డోంట్ లవ్ మీ’కి ఒక వైపంతా, ఇరవై మూడు నిమిషాల ‘విప్పింగ్ పోస్ట్’కు నాలుగో వైపంతా ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరులోనే అది గోల్డ్ రికార్డయింది. అదే నెల 29న డువేన్ మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు.

నాలుగో వైపు చివర ‘విప్పింగ్ పోస్ట్’ ముగిసి, చప్పట్ల మధ్య డ్రమ్ముల మీద కొత్త పాట మొదలవుతుంది, కొద్ది క్షణాల్లోనే శబ్దాన్ని తగ్గించి ఆపేస్తారు. రికార్డులో చోటు అయిపోయింది. ఆ మొదలైనది ‘మౌంటెన్ జామ్’, 33 నిమిషాలకు పైగా సాగేది. ఏ రికార్డూ ఒక వైపు దాన్ని మోయలేదు. 1972లో ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బమ్‌లో దాన్ని రెండుగా కోసి, సగం ఒక వైపూ సగం మరో వైపూ వేశారు. మధ్యలో లేచి రికార్డు మార్చాల్సి వచ్చేది. టేపు మీద అది ఎప్పుడూ ఒకటే పాటగా ఉంది. గాడి వంకరల లెక్క వర్తించని సీడీ వచ్చాక దాన్ని తెగకుండా వినగలుగుతున్నాం. మార్చిలో ఆ రెండు రాత్రులు, జూన్‌లో థియేటర్ మూసిన రాత్రి రికార్డయిన ప్రదర్శనలన్నీ 2014లో ఒకే పెట్టెగా వచ్చాయి. వినదలచుకున్నవాళ్లు ‘విప్పింగ్ పోస్ట్’ నుంచి ‘మౌంటెన్ జామ్’కు ఆగకుండా వెళ్లవచ్చు.